మా బావ కోటీశ్వరుడైన మూడు నెలలు

మా బావ ఈ మధ్య మూడు నెలల పాటు కోటీశ్వరుడిగా ఉన్నాడు. సూర్యాపేట పక్కన ఒక ఊళ్లో 4 ఎకరాల 10 గుంటల పొలం, రెండు గదుల డాబా, రెండు బర్రెలు, ఇదీ ఆయన ఆస్తి. ఆ మూడు నెలలకు ముందూ ఇంతే, తర్వాతా ఇంతే (ఒక బర్రె తగ్గింది, దాని సంగతి తర్వాత చెప్తాను). మధ్యలో మాత్రం ఆయన నికర ఆస్తి 2 కోట్ల 18 లక్షలు. ఇది నేను చెప్పే మాట కాదు, చార్టర్డ్ అకౌంటెంటు ముద్ర కొట్టి, ప్రతి సర్టిఫికెట్‌కీ విడిగా ఉండే, అక్షరాలూ అంకెలూ కలిపి 18 ఉన్న యూడీఐఎన్ నంబరు వేసి, సంతకం పెట్టి ఇచ్చిన కాగితం చెబుతున్న మాట. కాగితాన్ని కాదనడానికి మనమెవరం?

సంగతేంటంటే, మా మేనల్లుడు అమెరికాలో ఎంఎస్ చేస్తానన్నాడు. యూనివర్సిటీ సీటిచ్చింది. సీటివ్వడం వాళ్లకు పెద్ద విషయం కాదు, వీసాకి కావలసిన ఐ-20 అనే కాగితం ఇవ్వడం పెద్ద విషయం. మొదటి ఏడాదికి ఫీజు, తిండి, అద్దె, ఇన్సూరెన్సు అన్నీ కలిపి 38,400 డాలర్లు, అంటే అప్పటి లెక్కలో 33 లక్షల పైచిలుకు, మీ దగ్గర ఉన్నాయని చూపిస్తేనే ఆ ఐ-20 వస్తుంది. అది వచ్చాక విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు. ఈ చిల్లర ఖర్చులకు మాత్రం ఎవరూ రుజువులు అడగరు, నేరుగా కట్టించుకుంటారు.

అమీర్‌పేటలో కన్సల్టెన్సీకి వెళ్లాం. నేను, బావ, అక్క, పిల్లాడు. గాజు తలుపు వెనకాల ఒక అమ్మాయి కూర్చుని ఉంది, పాతికేళ్లుండవు, కానీ పీఠాధిపతిలాంటి ప్రశాంతత. "అంకుల్, లిక్విడ్ ఎంత చూపిస్తారు?" అంది. ఆ అమ్మాయి అడిగింది ఖాతాలో రొక్కం గురించి, మా బావకు తెలిసిన లిక్విడ్లు రెండే, పొద్దున్నే పాలకేంద్రంలో పోసేది ఒకటి, పొలంలో పురుగులకు కొట్టేది ఇంకోటి. మూడోది కూడా ఉంది గానీ అక్క పక్కనే ఉండటంతో ఆ ప్రస్తావన రాలేదు.

ఆ అమ్మాయి వాడిన క్రియాపదం గమనించండి. "ఎంత ఉంది?" అనలేదు, "ఎంత చూపిస్తారు?" అంది. ఈ శాస్త్రానికంతటికీ మూలసూత్రం అదే. ఉండటం వేరు, చూపించడం వేరు. ఇది మనకు కొత్తేమీ కాదు, పెళ్లిచూపుల రోజు పక్కింటి సోఫా తెచ్చి మన హాల్లో వేసుకున్న జాతి మనది. ఆ సోఫా సాయంత్రానికి వెళ్లిపోయేది. ఇప్పుడు బ్యాంకు బ్యాలెన్సుకి అదే పద్ధతి, కాకపోతే అద్దె ఉంటుంది.

ఆ అద్దె లెక్క చెప్తాను. 15 లక్షలకు బ్యాంకు విద్యారుణం శాంక్షన్ లెటర్ ఇచ్చింది, అది న్యాయమైన కాగితమే. మిగతా దానికి "ఫండింగ్ చేసేవాళ్లు" ఉన్నారు. పేరు చూసి ఏదో ధర్మసంస్థ అనుకోకండి. ఒక పెద్దమనిషి వచ్చి బావ ఖాతాలో 20 లక్షలు వేశాడు, వేసే ముందే ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు, ఆఖరికి ఖాతాకు లింకైన ఫోన్ సిమ్ కూడా తీసుకుపోయాడు. ఖాతా బావది, డబ్బు ఆయనది, ఓటీపీ వచ్చేదీ ఆయనకే. వడ్డీ నూటికి రెండున్నర, అంటే నెలకు 50,000. అలా బావ తన ఖాతాలో డబ్బున్నందుకు తానే వడ్డీ కట్టాడు. ఆర్థికశాస్త్రంలో దీనికేమైనా పేరుందేమో నాకు తెలియదు, మా ఇంట్లో మాత్రం దీని పేరు బర్రె. ఆ తగ్గిన బర్రె ఇదే.

డబ్బు పడిన మూడోరోజే బ్యాంకు నుంచి ఫోన్. మీరు మా విలువైన కస్టమర్, ఒకసారి బ్రాంచికి వస్తే మంచి స్కీములు చెప్తాం అని. ఆ ఫోన్ వెళ్లింది సిమ్ ఉన్న పెద్దమనిషికి. ఆయనే బావలా మాట్లాడి, "పొలం పనుల్లో ఉన్నా సార్" అన్నాడట.

ఇక పొలం దగ్గరికి వద్దాం, అసలు విద్వత్తు కనబడేది అక్కడ. మన దగ్గర ఒక భూమికి ఒకే విలువ ఉంటుందని అనుకునేవాళ్లు ఇంకా ఉంటే వాళ్లు ఎన్నడూ ఏ ఆఫీసు మెట్లూ ఎక్కనివాళ్లయి ఉండాలి. బావ పొలం రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎకరం 5 లక్షలు, స్టాంపు డ్యూటీ అక్కడే కట్టాలి కదా. లోను కోసం బ్యాంకు పంపిన వాల్యూయర్ గట్టు మీద నిలబడి, చెప్పులకు మట్టి అంటకుండా చూసి, ఎకరం 14 లక్షలన్నాడు. వీసా కోసం సీఏ గారి నెట్‌వర్త్ స్టేట్‌మెంటులో అదే ఎకరం 40 లక్షలు. అన్నదమ్ముల పంపకాలప్పుడు అదే భూమి ఉత్త చవుడు, ఎవరికీ అక్కర్లేనిది. పెద్దమ్మాయి సంబంధాల టైములో రోడ్డు పక్క బిట్టు. ఇన్ని విలువలు మోస్తూ కూడా ఆ పొలం ఏటా అవే వడ్లు పండిస్తోంది, ఆ నేలకు నిజంగా దండం పెట్టాలి.

బంగారం కూడా అంతే. స్టేట్‌మెంటులో 30 తులాలు. అక్క మెడలోనూ చేతులకూ కలిపి 12 తులాలుంటాయి, అందులో 7 ప్రస్తుతం అక్క దగ్గర లేవు, గోల్డ్ లోనులో బ్యాంకులో భద్రంగా ఉన్నాయి. అప్పులు అనే గడిలో మాత్రం "లేవు" అని ఉంది. అడిగితే సీఏ గారు ఆఖరి లైను మీద వేలు పెట్టి చూపించారు, "మాకు ఇచ్చిన సమాచారం, వివరణల ఆధారంగా" అని. తెలుగులో మనం "అట అట" అంటామే, దానికి ఇంగ్లీషులో పెట్టిన సూటూ బూటూ ఆ లైను.

ఇదే కొడుకు బీటెక్ చదివిన నాలుగేళ్లూ బావ వార్షికాదాయం 1 లక్షా 20 వేలు. తహసీల్దారు సర్టిఫికెట్ ఉంది. తెల్ల రేషన్ కార్డుకి తెలంగాణ పల్లెల్లో ఆదాయ పరిమితి లక్షన్నర, బావ దానికి 30 వేలు కింద, మర్యాదైన దూరంలో ఉన్నాడు. ఆ సర్టిఫికెట్టూ, ఈ నెట్‌వర్త్ స్టేట్‌మెంటూ ఇప్పుడు ఒకే బీరువాలో, ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. రెండూ ఒకే మనిషివి. నన్నడిగితే ఆ రెంటిలో తహసీల్దారు కాగితమే నిజానికి దగ్గర, కోతల టైముకి వాన పడిన ఏడాది అది కూడా ఎక్కువే. కానీ నన్నెవరూ అడగలేదు.

మన దేశం మీద నాకున్న ఇంకో దిగులు కూడా ఈ సందర్భంలోనే తీరింది. పన్నులు కట్టేవాళ్లు తక్కువని ఎప్పుడూ అంటుంటారు కదా. వీసా సీజన్లో రండి ఆడిటర్ ఆఫీసులకి. మూడేళ్ల రిటర్నులు కావాలంటూ, రాని ఆదాయానికి పన్ను కడతాం మహాప్రభో అని జనం బతిమాలుతుంటారు. దేశభక్తి ఇంతకంటే ఏం కావాలి? తలసరి ఆదాయాన్ని ఏడాది పొడుగునా లెక్కపెట్టడం మానేసి వీసా స్లాట్లు తెరిచిన నెలలోనే లెక్కపెడితే మన జిల్లాలు స్విట్జర్లాండుకు కొంచెం అటూ ఇటూగా ఉంటాయని నా మనవి.

తక్కిన దేశాలూ తక్కువ తినలేదు. బ్రిటన్ వాళ్లకు డబ్బు ఖాతాలో వరుసగా 28 రోజులు కదలకుండా ఉండాలి, ఒక్కరోజు ఒక్క పౌను తగ్గినా మళ్లీ మొదటికి. అక్కడ 28 రోజులు, మన వడ్డీ ఇచ్చేవాడికి నెల అంటే నెలే, ఆ రెండు రోజుల తేడా ఎవరి ఖాతాలోకి పోతోందో ఎవరైనా పార్లమెంటులో అడగాలి. కెనడా చాలాకాలం 10,000 డాలర్లతో సరిపెట్టుకుని 2024 జనవరిలో ఒక్కసారిగా 20,635 చేసింది, 2025 సెప్టెంబరులో 22,895కి తీసుకెళ్లింది. జర్మనీ వాళ్లకు మాత్రం సరసం తెలియదు. 11,904 యూరోలు నిజంగానే తెచ్చి ఒక ఖాతాలో పడేస్తే దానికి తాళం వేసి నెలకు 992 చొప్పున పిల్లాడికే ఇస్తారట. చూపించిన డబ్బు చదువుకునేవాడి తిండికి పోవడం ఏం పద్ధతండీ? అలాంటి దేశంలో మన ఫండింగ్ పెద్దమనుషులు ఎలా బతకాలి?

అమెరికా లెక్కలో ఇంకో ముడి ఉంది. డబ్బుందని నమ్మించడం సగం పనే, చదువయ్యాక వెనక్కి వచ్చేస్తానని నమ్మించడం మిగతా సగం. వాళ్ల చట్టంలో 214(బీ) అని ఒక సెక్షన్, దాని ప్రకారం ప్రతివాడూ అక్కడే ఉండిపోయేవాడే, కాదని నువ్వే నిరూపించుకోవాలి. అందుకు పొలం కావాలి. "మాకు భూములున్నాయి, వచ్చి చూసుకోవాలి" అని మా మేనల్లుడు అద్దం ముందు పదిహేను రోజులు ప్రాక్టీసు చేశాడు. వాడు ఆ పొలంలో ఆఖరిసారి కాలు పెట్టింది పదో తరగతిలో, అదీ సెల్ఫీ కోసం. పైగా వాడు వెనక్కి రావడానికి కారణమైన ఆ పొలమే వాడు వెళ్లడం కోసం బ్యాంకులో తాకట్టులో ఉంది. అంటే వాడు తిరిగొచ్చేసరికి అది ఉండాలంటే వాడు అక్కడే ఉండి సంపాదించి పంపాలి. ఈ మాట మాత్రం ఇంటర్వ్యూలో అనకూడదని కన్సల్టెన్సీ అమ్మాయి మూడుసార్లు చెప్పింది.

చిలుకూరుకి కూడా వెళ్లాం, వెళ్లకుండా ఎలా? ముందు 11 ప్రదక్షిణలు, పని అయ్యాక 108. ఇంత తతంగంలో మా బావను స్టేట్‌మెంటు అడగనిది ఆ బాలాజీ ఒక్కడే, ఆ గుడిలో హుండీ కూడా లేదు. అడ్వాన్సు తక్కువ, బాకీ ఎక్కువ, వడ్డీ సున్నా, సెక్యూరిటీ అక్కర్లేదు. నిజమైన ఫండింగ్ అంటే అదీ.

ఇంటర్వ్యూ రోజు నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ దగ్గర పొద్దున్నే పడిగాపులు. ప్రతి పిల్లాడి చేతిలో ఒక ఫైలు, ప్రతి ఫైల్లో ఒక జమీందారీ. మావాడి ఫైలు మూడు కిలోలు, బావ దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని సూర్యాపేట నుంచి తెచ్చాడు. వాడు లోపలికి వెళ్లి గంటన్నర తర్వాత వచ్చాడు, అందులో క్యూ పోగా కిటికీ దగ్గర నిలబడింది రెండు నిమిషాలు. ఏ యూనివర్సిటీ, ఎందుకు అదే, డబ్బు ఎవరు పెడుతున్నారు. మూడు ప్రశ్నలు. పాస్‌పోర్టు ఉంచుకున్నారు. వీసా వచ్చింది.

"ఫైలు చూశారా?" అన్నాడు బావ.

"అడగలేదు నాన్నా."

"నెట్‌వర్త్?"

"అడగలేదు."

"పోనీ బంగారం కాగితం?"

నేను మా బావ ముఖం చూశాను. కొడుకుకి వీసా వచ్చిన తండ్రి ముఖం కాదది. ఐదొందల మందికి వండించి పెట్టుకుంటే పెళ్లివాళ్లు మజ్జిగ తాగి వెళ్లిపోయినప్పుడు ఉంటుందే, ఆ ముఖం. దొంగ కాగితమని పట్టుబడితే జన్మలో మళ్లీ ఆ దేశం గడప తొక్కనివ్వరని మూడు నెలలు నిద్రలేకుండా గడిపిన మనిషి, తీరా ఎవరూ తన ఐశ్వర్యం వంక కన్నెత్తి చూడలేదని బాధపడుతున్నాడు.

మర్నాడు పదకొండింటికల్లా 20 లక్షలు ఖాతాలోంచి వెళ్లిపోయాయి. సిమ్ తిరిగొచ్చింది. ఖాతాలో 1,140 రూపాయలు మిగిలాయి, మినిమం బ్యాలెన్సు లేదని అందులోనూ కొంత పట్టుకున్నారు.

పిల్లాడు ఆగస్టులో వెళ్లాడు. మొదటి సెమిస్టర్ ఫీజు విద్యారుణం, రెండోది ఎలాగో ఇంకా ఎవరూ మాట్లాడటం లేదు. క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పనిచేసుకోవచ్చట, వాడు ఫోన్లో ఉత్సాహంగానే చెప్తున్నాడు.

మొన్న బావ ఫోన్ చేశాడు. మీసేవా నుంచి. చిన్నదానికి ఇంజినీరింగ్ సీటొచ్చింది, ఫీజు రీయింబర్స్‌మెంటుకి ఆదాయ సర్టిఫికెట్ కావాలి, లైన్లో నిలబడి దరఖాస్తు నింపుతున్నాడు.

"బామ్మర్దీ, వార్షికాదాయం అని ఉంది. ఎంత రాయమంటావ్?"

"ముందు ఆ కాగితం ఏ ప్రభుత్వానికో చెప్పు బావా" అన్నాను.