నెట్ బాగానే ఉంది అన్నా

ఇరవై నాలుగో ఎపిసోడ్ దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. ‘నియాన్ జెనెసిస్ ఎవాంజెలియన్’ అనే జపాన్ యానిమేషన్ సీరీస్‌లో ఒంటికొమ్ము ఊదారంగు రోబో ఒక కుర్రాణ్ణి గుప్పిట్లో పట్టుకుంది. అంతే, బొమ్మ ఆగిపోయింది. వెనక బీతోవెన్ తొమ్మిదో సింఫనీ కోరస్ మాత్రం హోరెత్తిపోతోంది. పాట వస్తూ బొమ్మ కదలకపోవడమనే జబ్బు మా ఇంటి నెట్‌కి పాతదే. లేచి రౌటర్ ఆపి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ వేశాను. వెనక్కి జరిపి చూస్తే అదే గుప్పిట, అదే కుర్రాడు, అదే కోరస్. నిమిషం పాటు అలా బిగబట్టి ఉంచింది దర్శకుడు హిదెయాకి అన్నో అని నాకేం తెలుసు! నెట్ వాళ్లని రెండు తిట్టి పడుకున్నాను.

మర్నాడు ఆదివారం. మిగిలినవి రెండే, 25, 26. 1995 అక్టోబర్‌లో మొదలై 1996 మార్చిలో అయిపోయిన సీరీస్‌ని ఇంత ఆలస్యంగా చూస్తున్నా, ముగింపుకి జరగాల్సిన మర్యాద జరగాలి కదా. అరడజను మిరపకాయ బజ్జీలు, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క. ఆఖరి యుద్ధం మొదలైతేగానీ ముట్టుకోనని ఒట్టు. పక్కన అమ్మమ్మ. వీపుకున్న కరెంటు తీగ ఊడితే ఈ రోబోలు అయిదు నిమిషాలకే ఆగిపోతాయని చెప్పినప్పటి నుంచీ ఆవిడకి వాటిమీద జాలి. "మన ఇన్వర్టరే నయం రా" అంటుంది.

యుద్ధం రాలేదు. ఆ ఊదారంగు రోబోని నడిపే షింజీ అనే పధ్నాలుగేళ్ల కుర్రాడు చీకట్లో మడత కుర్చీలో కూర్చుని తనని తనే తిట్టుకుంటున్నాడు. 25 అలాగే గడిచింది. సరే, అసలుది 26లో ఉంటుందిలే అనుకున్నా. 26లో రంగులు కూడా పోయాయి. పెన్సిల్ గీతలు మిగిలాయి. తర్వాత స్క్రిప్టు కాగితాలే తెరమీదికి వచ్చేశాయి. ఉన్నట్టుండి అదే కుర్రాడు మామూలు బడికి పోతున్నాడు. అన్నాళ్లూ నోరు మెదపని రేయ్ అనే పిల్ల, నోట్లో బ్రెడ్డు ముక్క కరుచుకుని వీధిలో పరుగు.

"ఆడపిల్లని రేయ్ అంటారేంట్రా?" అంది అమ్మమ్మ. "అయినా ఇది వేరే సీరియల్. మధ్యలో కలిసిపోయింది."

నాకూ అదే అనిపించింది. కంప్లైంట్ పెట్టాను.

ఎన్నడూ లేనిది అరగంటలో మనిషొచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పి, ఫోన్లో స్పీడ్ చూశాడు. తెరవైపు చూశాడు. నావైపు చూశాడు. పెద్ద డాక్టరు బంధువులతో మాట్లాడే గొంతుతో, "నెట్ బాగానే ఉంది అన్నా. ఎవాంజెలియన్ ఆఖరు గింతే" అన్నాడు.

"మరి యుద్ధమో?"

"లేదన్నా. 97ల సినిమా తీసిర్రు, కొట్లాటంతా అందుల పెట్టిర్రు."

చెబుతూనే సోఫా అంచున కూర్చున్నాడు. అమ్మమ్మ బజ్జీల పళ్లెం అతని ముందుకు జరిపింది. నా ఒట్టు ఆవిడకి వర్తించదు.

తెరమీద షింజీ చుట్టూ ఉన్నదంతా అద్దంలా పగిలింది. నీలాకాశం కింద, అతని చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు చప్పట్లు కొడుతూ "ఒమెదెతో" అంటున్నారు. ఇంట్లో పెంచుకున్న పెంగ్విన్‌ని కూడా పిలిచారు.

"ఏమంటున్నార్రా?"

"కంగ్రాచులేషన్స్ అంటున్నారు అమ్మమ్మా."

"అబ్బాయికి ఉద్యోగమొచ్చిందా?"

నేనూ నెట్ కుర్రాడూ మొహాలు చూసుకున్నాం. బజ్జీ మింగి అతనే అందుకున్నాడు. "లేదమ్మా. ఇన్నొద్దులు ఆయనంటే ఆయనకే నచ్చకపోతుండె. ఇప్పుడు పర్లేదనిపిచ్చింది."

"ఆమాత్రం దానికి ఇరవయ్యారు వారాలా!" అంది అమ్మమ్మ. అంటూనే, పాపం బక్క పిల్లాడని, తనూ చప్పట్లు కొట్టింది.

అతను వెళ్లాక పళ్లెం చూస్తే ఒక్క బజ్జీ ఉంది, చల్లగా, మెత్తగా. అది చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. నెట్ ఆఫీసు నుంచి మెసేజ్: ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. సమస్య: కస్టమర్ వైపు.’