మాల తీసిన వారానికే మళ్లీ సీసా ఎందుకు?

కార్తీకం వచ్చిందంటే మన ఊళ్లలో చాలామంది ఇల్లాళ్లకు కాస్త ఊపిరాడుతుంది. క్వార్టర్ పడందే ఇల్లు చేరని మనిషి అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు మందు ముట్టడు. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన వారానికే బెల్టు షాపు దగ్గర తేలతాడు. 'మనసుంటే మానగలడని తేలిందిగా, ఇప్పుడేం రోగం?' అని ఇంట్లో దెప్పుతారు. ఆ దెప్పుడు అన్యాయం.

దీక్షలో తెల్లారకముందే చన్నీటి స్నానం, రెండు పూటలా పూజ, మధ్యాహ్నం భిక్ష, సాయంత్రం పీఠం దగ్గర భజన, రాత్రి చాప మీద పడక. నిన్నటిదాకా తాగుబోతన్న నోళ్లే 'స్వామీ' అంటాయి. మాల తీయగానే ఆ పిలుపు, ఆ తోడు, ఆ పని అన్నీ ఒక్క పూటలో పోతాయి. సాయంత్రం ఏడు గంటలు మాత్రం రోజూ వస్తూనే ఉంటుంది. క్రైస్తవుల శ్రమకాలం తర్వాతా, రంజాన్ తర్వాతా కొన్ని ఇళ్లలో జరిగేది ఇదే.

అందుకే మాట్లాడాల్సింది దీక్షలో ఉండగానే. రెండు మూడు వారాలు గడిచాక, పొద్దున పూజ అయ్యాక, ఒక్కరే కూర్చుని చెప్పాలి. బంధువులంతా చుట్టూ చేరితే అది పంచాయితీ అవుతుంది. భగవద్గీత 17వ అధ్యాయం 15వ శ్లోకం మాటకు నాలుగు షరతులు పెట్టింది: ఎదుటివాణ్ణి కలవరపెట్టకూడదు, నిజమై ఉండాలి, ప్రియంగా ఉండాలి, మేలు చేయాలి. మనం సాధారణంగా నిజాన్ని విషంలో ముంచి చెబుతాం, లేదంటే ప్రియం కోసం నిజాన్ని మింగేస్తాం. 'మీరెప్పుడూ ఇంతే' అనేది నిజం కాదు, తిట్టు. 'దసరా ముందు రోజు రాత్రి మీరొచ్చేసరికి పదకొండైంది. పాప తలుపు చాటున నిలబడి ఏడ్చింది. ఫీజుకు దాచిన రెండు వేలు లేవు. మాల తీశాక సాయంత్రాలు ఎలాగో ఇప్పుడే అనుకుందామండీ, డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను' అంటే అందులో నాలుగూ ఉన్నాయి.

పిల్లల తల మీద ఒట్టు వేయించుకోవద్దు. ఒట్టు తప్పిన రోజు సిగ్గుతో ఇంకో క్వార్టర్ ఎక్కువ తాగుతాడు. అన్నంలో, మజ్జిగలో తెలియకుండా కలిపే 'తాగుడు మాన్పించే మందు' ఇంకా ప్రమాదం. వాటిలో డైసల్ఫిరామ్ (మద్యం ఒంటికి పడకుండా చేసే మందు) ఉండి, అతను ఆ సంగతి తెలియక తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ మందును డాక్టరు చెప్పి, అతను ఒప్పుకుని వేసుకోవాలి. దొంగచాటు వైద్యం బయటపడితే ఆ ఇంట్లో తర్వాత ఏ నిజానికీ విలువుండదు.

రోజూ ఎక్కువగా తాగేవారు మాల వేసే ముందే డాక్టరును కలవాలి. ఉన్నట్టుండి ఆపితే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో, మూడో రోజున లేనివి కనిపించి, మనుషుల్ని గుర్తుపట్టకపోతే దాన్ని పూనకమనుకుని హారతి ఇవ్వకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. వారం పది రోజులు తగ్గించుకుంటూ ఇచ్చే మాత్రలు, బి1 విటమిన్‌తో చాలామంది ఈ గండం దాటతారు. మాత్రలతో దీక్షకేమీ భంగం లేదు. ఆ మాట గురుస్వామి నోట చెప్పిస్తే తొందరగా ఎక్కుతుంది.

కరుణ పేరుతో జరిగే ఇంకో పొరపాటు కప్పిపుచ్చడం. పనిచేసే చోటుకు ఫోన్ చేసి 'జ్వరమండీ' అనడం, షాపులో అప్పు తీర్చేయడం. అన్నం పెట్టండి, పక్క వేయండి, అబద్ధం మాత్రం ఆడకండి. చేయి చేసుకునే మనిషైతే ఈ సలహాలన్నీ తర్వాత. ముందు పిల్లలతో సహా సురక్షితమైన చోటుకు చేరి మహిళా హెల్ప్‌లైన్ 181కి గానీ, అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయాలి.

మాల తీశాక మొదటి నెల సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం చేయాలో ముందే రాసుకోండి. పీఠం భజనకు మామూలు బట్టల్లోనూ వెళ్లొచ్చు. జీతం రోజున డబ్బు ఎవరి చేతికి రావాలో అతనితోనే చెప్పించండి. మధ్యలో ఒకరోజు జారితే రాత్రి గొడవ పెట్టుకోవద్దు. మర్నాడు పొద్దున టీ ఇచ్చి, ఎవరితో, ఎక్కడ, ఏ వేళకు మొదలైందో అడగండి. తాగాలన్న కోరిక ఆగనంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి అతని చేతే ఫోన్ చేయించండి, తెలుగులోనే మాట్లాడతారు.