ఇసుకరాతి పగులులో ఒక గంట, డుడుమ దగ్గర ఒక ప్రశ్న

డబ్బు కట్టించుకుని, స్థానికుల వెంట మాత్రమే లోపలికి పంపే చోటును చూస్తే మనలో చాలామందికి ఒళ్లు మండుతుంది. మొన్నటి వేసవి దాకా నా ధోరణీ అదే. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు లోయ చూసి, ఒడిశాలోని మా జయపురం తిరిగి వచ్చాక ఆ అభిప్రాయం పూర్తిగా మారిపోయింది.

ఫీనిక్స్‌లో ఉండే మా తమ్ముడి కుటుంబంతో గ్రాండ్ కాన్యన్ చూశాక, పేజ్ అనే చిన్న ఊళ్లో పెట్రోలు పోయించుకోవడానికి ఆగాము. బంకులో గోడ మీది యాంటిలోప్ కాన్యన్ ఫొటో చూసి, అక్కడికి వెళ్లాల్సిందేనని మరదలు పట్టుబట్టింది. "పగులులో నడవడానికి ఇంత డబ్బా, అక్కా?" అని తమ్ముడు గొణిగాడు; నేనూ వాడి పక్షమే.

పైనుంచి చూస్తే అక్కడ ఎర్రటి బండలో ఒక చీలిక తప్ప ఏమీ కనబడదు. ఇనుప మెట్ల మీదుగా దిగాక మాత్రం, కుమ్మరి సారె మీద మట్టి తిరుగుతుండగా ఎవరో ఆపేసినట్టు మెలికలు తిరిగిన గోడల మధ్య నిలబడ్డాము. ఎక్కడో పైన ఆకాశం నీలి దారంలా ఉంది. ఒంటిని పక్కకు తిప్పితే గాని కదలలేని ఒక చోట, తలకు చాలా ఎత్తున గోడల మధ్య ఇరుక్కున్న మాను మొద్దును మా గైడు చూపింది. అది వరద తెచ్చి పెట్టినదని చెప్పినప్పుడు మా నోట మాట రాలేదు.

1997 ఆగస్టు 12న ఈ కాన్యన్ దిగువ భాగంలోనే పదకొండు మంది యాత్రికులు కొట్టుకుపోయి చనిపోయారు. అక్కడ పెద్దగా వాన లేదు. మైళ్ల దూరంలో ఎగువన కురిసిన నీరు, ఇంకని ఎడారి నేల మీదుగా వాగులోకి చేరి, ఆ ఇరుకులో ఒక్కసారిగా పైకి లేచింది. అప్పటి చెక్క నిచ్చెనలు కూడా ఆ వరదలో పోయాయి. ఆ తరువాతే బండకు బిగించిన ఇనుప మెట్లు, వాతావరణ హెచ్చరికలు చెప్పే రేడియో, గైడు లేనిదే అడుగు పెట్టరాదన్న కట్టుబాటు వచ్చాయి. ఆ నేల నవహో అనే అమెరికా ఆదివాసీ జాతిది, నియమమూ వారిదే, గైడుకయ్యే రుసుమూ వారి ఇళ్లకే చేరుతుంది. ఇది దోపిడీ ఎలా అవుతుంది?

ఇప్పుడు ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో ఉన్న మన డుడుమ సంగతి. 175 మీటర్ల ఎత్తు నుంచి దూకే ఆ జలపాతానికి ఎగువన జలాపుట్ జలాశయం ఉంది. ఆ నీటితోనే 1955 నుంచి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో కరెంటు తీస్తున్నారు. అంటే మన నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువ వానకో, జలాశయం నుంచి వదిలిన నీటికో గెడ్డ (వాగు) పెరగవచ్చు. కిందటి శ్రావణంలో, దిగువ రాళ్ల మీద సెల్ఫీలు తీసుకుంటున్న కుర్రాళ్లను చూశాను. ఆపేవారు లేరు, హెచ్చరిక బోర్డూ లేదు. గట్టున జొన్న పొత్తులు కాలుస్తున్న గదబ అనే గిరిజన తెగకు చెందిన ఒక అవ్వ మాత్రం "నీటి రంగు మారింది, పైకి రండి" అని కేకలు వేస్తోంది. వాళ్లు నవ్వి ఊరుకున్నారు.

ఆ గెడ్డ మనసు తెలిసినది ఆ అవ్వకే. ఆమె ఊరివాళ్లకు జీతం, రేడియో, "ఇవాళ దిగనివ్వను" అని చెప్పగల అధికారం ఇవ్వాలని కోరుతూ జిల్లా అధికారులకు అర్జీ రాశాను. వచ్చే గురువారం ఒనకడెల్లి సంతలో ఆ కాగితం పట్టుకుని ఉంటాను. సంతకం చేయదలచినవారు అక్కడికి రండి.