రెండు డాలర్ల విద్యాదానం

నేను విద్యాదాతని. మా ఇంట్లో ఈ మాట ఎవరూ ఒప్పుకోరు కాబట్టి మీతో చెప్పుకుంటున్నాను. వారానికోసారి, సియాటిల్ దగ్గర బోథెల్‌లో మా ఇంటి పక్క గ్యాస్ స్టేషన్‌కి వెళ్ళి, రెండు డాలర్లు పెట్టి పవర్‌బాల్ అనే లాటరీ టికెట్ కొంటాను. మా ఆవిడ దీన్ని జూదం అంటుంది. వాషింగ్టన్ రాష్ట్ర చట్టం మాత్రం 2016 నుంచి లాటరీ లాభాల్లో ఒక వాటాతో చార్టర్ స్కూళ్ళు నడపవచ్చంటోంది. ఆవిడకీ శాసనసభకీ అభిప్రాయభేదం వచ్చినప్పుడు నేను శాసనసభ పక్షమే, ఇంట్లో లేనంతసేపు.

తెనాలిలో మా మావయ్య ఎయిడెడ్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మొన్న ఫోన్లో, "చార్టర్ స్కూలంటే ఏవిట్రా?" అని అడిగారు.

"మీ బడి లాంటిదే మావయ్యా. డబ్బు గవర్నమెంటుది, పెత్తనం కమిటీది. ఫీజుండదు. ఊరు ఎన్నుకున్న స్కూల్ బోర్డు మాట వినక్కర్లేదు."

"జీతాలు నెలనెలా ఇస్తారా?"

"ఇస్తారు."

"అయితే మా బడి లాంటిది కాదు. సరే, చెప్పు."

చెప్పాను. ఆ చెప్పిందే ఇక్కడ కొంచెం గంభీరంగా రాస్తున్నాను. విద్య మీద రాసేటప్పుడు గంభీరంగా లేకపోతే మనకి చదువు రాదనుకుంటారు.

ఈ ఆలోచనకి దేశమంతటా ప్రచారం తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన మనిషి ఆల్బర్ట్ షాంకర్. ఆయన అప్పట్లో ఒక ఉపాధ్యాయ సంఘానికి జాతీయ అధ్యక్షుడు. టీచర్లే కొత్త పద్ధతులు ప్రయత్నించి చూసుకునే చిన్న బడులు కావాలని 1988లో అన్నాడు. 1991లో మిన్నెసోటా మొదటి చట్టం చేసింది. తర్వాత కొన్నేళ్ళకే షాంకర్, నేనన్నది ఇది కాదు మహాప్రభో అని ఎదురు తిరిగాడు. అప్పటి నుంచి ఉపాధ్యాయ సంఘాలు ఆ బిడ్డ మాది కాదంటున్నాయి, కోటీశ్వరులేమో దత్తత తీసుకుంటామంటున్నారు.

మా రాష్ట్రం తొందరపడే రకం కాదు. చార్టర్ స్కూళ్ళు కావాలా అని 1996లో ఓటర్లని అడిగితే వద్దన్నారు. 2000లో అడిగితే వద్దన్నారు. 2004లో శాసనసభ తనే చట్టం చేసేస్తే, ఓటర్లు దాన్నీ రద్దు చేశారు. 2012లో నాలుగోసారి అడిగారు. మైక్రోసాఫ్ట్ పెట్టిన బిల్ గేట్స్, పాల్ ఆలెన్ లాంటివాళ్ళు ప్రచారానికి లక్షల డాలర్లిచ్చారు. ఈసారి యాభై శాతం మీద ఒక్క శాతం కూడా పూర్తిగా రాని మెజారిటీతో గట్టెక్కింది. ప్రజాస్వామ్యంలో ప్రజలు సరైన జవాబు చెప్పేదాకా ప్రశ్న అడుగుతూనే ఉండాలన్న సూత్రం మావయ్యకి వెంటనే అర్థమైంది. ఆయన క్లాసులో చేసిందీ అదే. ఆయన చేతిలో బెత్తం ఉండేది, అంతే తేడా.

దాతల్ని నేను ఒక్క మాటా అనను. గేట్స్, ఆలెన్ ఇద్దరూ సియాటిల్లో లేక్‌సైడ్ అనే ప్రైవేటు బడిలో చదివారు. ఆ రోజుల్లోనే, 1968లో, కంప్యూటర్‌కి కనెక్షన్ ఉన్న బడి అది. మంచి బడి ఎలా ఉంటుందో వాళ్ళకి అనుభవం మీద తెలుసు. అలాంటి బడికి తలకి ఎంత ఖర్చవుతుందన్న సంగతి మాత్రం ఆ ప్రచారంలో పెద్దగా వినపడలేదు. ప్రచారం హడావుడిలో అన్నీ గుర్తుండవు.

డబ్బు సంగతి మా రాష్ట్ర సుప్రీంకోర్టుకి గుర్తుంది. పిల్లల చదువుకి సమృద్ధిగా నిధులివ్వడం రాష్ట్రానికి అన్నిటికన్నా పెద్ద బాధ్యత అని 1889 నాటి మా రాజ్యాంగంలో రాసి ఉంది. ఆ బాధ్యత మీరు నెరవేర్చడం లేదని 2012 జనవరిలోనే, మెక్‌క్లియరీ కేసులో, కోర్టు తీర్పు చెప్పింది. శాసనసభ తీర్పుని గౌరవించి ఆలోచనలో పడింది. 2013 నవంబర్లో ఆ ఆలోచనలోంచి కాసేపు తేరుకుని, మూడు రోజుల ప్రత్యేక సమావేశం పెట్టి, బోయింగ్ కంపెనీ కోసం 2040 దాకా సుమారు 870 కోట్ల డాలర్ల పన్ను రాయితీలు ఇచ్చి, మళ్ళీ ఆలోచనలో పడింది. 2014లో కోర్టు శాసనసభని ధిక్కారం కింద పట్టుకుంది. 2015 ఆగస్టులో రోజుకి లక్ష డాలర్ల జరిమానా వేసింది. ఆ జరిమానా ఎవరికి కట్టాలి? రాష్ట్రమే, రాష్ట్రం దగ్గరే, చదువుల పద్దులో వేసుకోవాలి. చొక్కా జేబులోంచి తీసి లాగు జేబులో పెట్టుకోమంటే, మా వాళ్ళు ఆ పని కూడా వెంటనే చెయ్యలేదు.

సుమారు మూడు వారాలకి, 2015 సెప్టెంబర్ 4, శుక్రవారం సాయంత్రం, అదే కోర్టు ఇంకో తీర్పిచ్చింది. చార్టర్ స్కూళ్ళు రాజ్యాంగ విరుద్ధం. కారణం 1909 నాటి తీర్పులో ఉంది: ఓటర్ల అదుపులో ఉన్న బడే 'కామన్ స్కూల్', కామన్ స్కూళ్ళ నిధులు ఆ బడులకే. చార్టర్ బడిని నడిపేది నియమించిన బోర్డు కాబట్టి పైసా ముట్టుకోకూడదు. వాదనలు ముగిసింది 2014 అక్టోబర్లో. తీర్పొచ్చింది తొమ్మిది బడుల్లో సుమారు 1,200 మంది పిల్లలు కొత్త పుస్తకాలకి అట్టలు వేసుకున్నాక. ముహూర్తం ఎవరు పెట్టారో గానీ, తాళి కట్టాక జాతకాలు కలవలేదన్నట్టుంది.

ఓటర్ల అదుపు అనే మాట వినగానే నాకు ఒళ్ళు పులకరించింది. వెంటనే మా వీధిలో నలుగురిని ఆపి, మన స్కూల్ బోర్డు సభ్యులెవరో చెప్పండి అని అడిగాను. ఒకాయన ఫుట్‌బాల్ కోచ్ పేరు చెప్పాడు. మిగతా ముగ్గురూ నేనేదో అమ్మడానికి వచ్చాననుకున్నారు. నాకూ తెలియదనుకోండి. నాకు అసలు ఓటే లేదు. గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నాను. ఇంటి పన్ను కడతాను, అభిప్రాయాలు ఉన్నాయి, ఓటు మాత్రం లేదు. లాటరీ టికెట్ కొనడానికి పౌరసత్వం అడగరు. విద్యావిధానంలో నా భాగస్వామ్యం అక్కడి నుంచే మొదలైంది.

తీర్పు తర్వాత బడులు మూతపడ్డాయనుకుంటే మీకు మా రాష్ట్రం తెలియదన్నమాట. కాస్కేడ్ కొండలకి అవతల, స్పోకేన్ దాటాక స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊరుంది. అక్కడి మేరీ వాకర్ స్కూల్ డిస్ట్రిక్ట్ పెద్ద మనసు చేసుకుని, సియాటిల్, టకోమాల్లోని చార్టర్ బడుల్ని 'ప్రత్యామ్నాయ విద్యా కార్యక్రమం' పేరుతో తన గొడుగు కిందకి తెచ్చుకుంది. సియాటిల్ నుంచి కారులో ఐదు గంటల దూరం. స్థానిక అదుపు ఉండాలని కోర్టంది గానీ ఏ స్థానమో చెప్పలేదు కదా.

2016లో శాసనసభ అసలు మందు కనిపెట్టింది. రాష్ట్ర ఖజానాలోని సాధారణ నిధి ముట్టుకుంటేనే కదా తప్పు? లాటరీ డబ్బుంది. గవర్నర్ ఇన్‌స్లీ ఆ బిల్లు మీద సంతకమూ పెట్టలేదు, వీటో కూడా చెయ్యలేదు. కళ్ళు మూసుకుంటే అదే చట్టమైపోయింది. 2018లో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఈ ఏర్పాటు చెల్లుతుందంది. అదే లాటరీ డబ్బులో కొంత సియాటిల్ ఫుట్‌బాల్ స్టేడియం అప్పుకీ పోయింది కాబట్టి, చదువుకి ఆటల పక్కనే చోటు దొరికిందని సంతోషించాలి.

మావయ్య ఇక్కడ నన్ను ఆపారు. "ఉండరా. సీట్లు చాలకపోతే పిల్లాడికి సీటెలా ఇస్తారన్నావు?"

"లాటరీ తీసి."

"వాడి టీచర్‌కి జీతం?"

"లాటరీ డబ్బులోంచి."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లెక్కల మాస్టారు కదా, సంభావ్యత వేసుకుంటున్నారేమో.

మరి మన తెలుగువాళ్ళ సంగతేమిటి అంటారు. మేము ఈ గొడవలో తటస్థులం. మాకు చార్టర్లతో పనిలేదు. ఇక్కడ ఇంటి చిరునామాని బట్టే బడి కాబట్టి, మేము ఇల్లు కొనేటప్పుడు వంటగది తర్వాత చూస్తాం, ముందు స్కూల్ రేటింగ్ చూస్తాం. పదికి పది ఉంటే కప్పు కారుతున్నా కొంటాం. సమామిష్‌లో, రెడ్మండ్‌లో ముప్ఫై ఏళ్ళ లోన్ పెట్టి తీసుకున్న అడ్మిషన్‌ని మేము ఫీజు అనం, ఈఎంఐ అంటాం. అలా చేరిన బడిని ఉచిత ప్రభుత్వ విద్య అని గర్వంగా ఫేస్‌బుక్‌లో రాసుకుని, ఆదివారం పొద్దున్నే పిల్లల్ని మ్యాథ్ కోచింగ్‌కి దింపి వస్తాం. చార్టర్ స్కూళ్ళ వల్ల సమానత్వం దెబ్బతింటుందని కిందటి నెల పాట్‌లక్‌లో గంటసేపు వాదించిన మిత్రుడు, ఆ మర్నాడే తమ వీధిని పక్క బడికి మారుస్తారన్న పుకారు విని సెలవు పెట్టాడు. టెన్షన్‌తో బీపీ పెరిగిందట.

అందుకే నాదొక సవరణ ప్రతిపాదన. లాటరీ పద్ధతి ఒక్క చార్టర్ బడులకే ఎందుకు పరిమితం చెయ్యాలి? బోయింగ్ రాయితీలు కూడా గీకుడు టికెట్ల మీద ఇద్దాం. శాసనసభ్యుల జీతాలు జాక్‌పాట్ తగిలిన నెలల్లోనే ఇద్దాం. పదికి పది ఉన్న స్కూల్లో సీట్లు ఇంటి చిరునామా చూడకుండా రాష్ట్రమంతటికీ డ్రా తీద్దాం. ఈ చివరి ముక్క చదివి మా ఆవిడ, "మన ఇంటి ధర ఏమవుతుందో ఆలోచించారా?" అంది. ఆలోచించాను. ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నాను. మొదటి రెండూ అలాగే ఉంచండి.

ఫోన్ పెట్టేసే ముందు మావయ్య గొంతు సర్దుకున్నారు.

"ఒరేయ్, నా డీఏ బకాయిలు ఇంకా రాలేదు. ఈ వారం ఆ టికెట్టేదో నా పేరున కూడా ఒకటి కొనరా."