మౌనానికి మైకు కావలెను

మణికొండలోని మా అపార్ట్‌మెంటులో ప్రతి ఆదివారం ఉదయం ఆరు గంటలకు సామూహిక మౌనధ్యానం జరుగుతోందని సవినయంగా తెలియజేస్తున్నాను. దేవుడు నిశ్శబ్దంలో ఉంటాడట. ఎక్కడని అడిగితే క్లబ్‌హౌస్‌లో, మనిషికి మూడు వందలు, టిఫిన్‌తో కలిపి.

ఆరు గంటలకే ఎందుకంటే, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. కమిటీ వారు చట్టాన్ని గౌరవించేవారు. మైక్ టెస్టింగ్ మాత్రం అయిదున్నరకే. 'హలో, హలో, వన్ టూ త్రీ' అనగానే నాలుగో అంతస్తు కుక్క జవాబిస్తుంది. పగటిపూట నివాస ప్రాంతాల్లో 55 డెసిబెల్స్ దాటకూడదన్న పరిమితి కూడా ఉంది గానీ, అది మామూలు చప్పుళ్లకేమో, మౌనానికి వర్తించదు కాబోలు.

మొన్నటి ధ్యానం చూడాల్సింది. మౌనం ఎందుకు గొప్పదో కోచ్ గారు నలభై నిమిషాలు చెప్పారు. తర్వాత వేణువు పెట్టి, 'ఏమీ ఆలోచించకండి, శ్వాసను గమనించండి, కుడికాలి బొటనవేలిని గమనించండి, వెనక వరుస వాళ్లు ముందుకు జరగండి' అన్నారు. అంతలో సెక్రటరీ గారి ఫోన్ మోగింది. ఆయన కళ్లు తెరవలేదు, నిష్ఠ అలాంటిది. 'ధ్యానంలో ఉన్నానురా, తర్వాత చేస్తా... ఆఁ, రెండు కిలోలు. కొంచెం కొవ్వుండాలి. లివర్ వేరే కవర్లో కట్టించు. నల్లీలు మర్చిపోకు.' హాలంతా బొటనవేళ్లు వదిలేసి నల్లీలను గమనించింది. చివరి మూడు నిమిషాలు అసలు మౌనం. అందులో రెండు ఫొటోలకు పోయాయి: 'సార్, ఇటు చూసి కళ్లు మూసుకోండి!'

దక్షిణామూర్తి మర్రిచెట్టు కింద నోరు మెదపకుండానే శిష్యుల సందేహాలు తీర్చాడంటారు. పాపం, సౌండ్ సిస్టమ్ లేదు. మెహెర్ బాబా 1925 జులై 10న మాట మానేసి, 1969లో కన్నుమూసేదాకా మళ్లీ మాట్లాడలేదు. అక్షరాల పలకతో, ఆ తర్వాత సైగలతో నెట్టుకొచ్చారు. ఫీజు ఎంతో ఎవరూ చెప్పలేదు.

ఇంతవరకూ నవ్వుకున్నాను. పోయిన వారం లిఫ్టులో నోటీసు అంటించారు. ఆదివారాలు ఎనిమిది దాటేదాకా పనిమనుషులు బాల్కనీల్లో అంట్లు తోమకూడదు. సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబం ఉండే గదిలోంచి పిల్ల ఏడుపు వినబడకూడదు. ఆ పిల్లకు ఏడాది నిండలేదు. జలుబు చేసింది. ఆదివారం తెల్లవారుజామున ఆ తల్లి పిల్లను చీరకొంగులో చుట్టుకుని గేటు బయట, నీళ్ల ట్యాంకర్ల దుమ్ములో నిలబడింది. లోపల వీళ్లు దేవుణ్ణి వెతుకుతున్నారు! సిగ్గుండక్కర్లేదా? డీజిల్ జనరేటర్ మోగితే నోరెత్తరు, పై ఫ్లాటులో మార్బుల్ కోస్తుంటే నోరెత్తరు, చంటిపిల్ల ఏడిస్తే మాత్రం వీళ్ల సమాధి చెదిరిపోతుందా? పదిహేడో శతాబ్దంలో పారిస్‌లోని ఓ మఠంలో బ్రదర్ లారెన్స్ అనే వంటవాడు ఉండేవాడు. వంటింటి గిన్నెల మోతలోనూ, ప్రార్థనలో ఉన్నంత ప్రశాంతంగా దేవుడితో ఉంటానని చెప్పుకున్నాడు. ఆయనే మా అపార్ట్‌మెంటులో పనికి కుదిరి ఉంటే మొదటి ఆదివారమే గేటు బయట పెట్టేవాళ్లు.

ఇదే మాట జనరల్ బాడీ మీటింగులో అడిగాను. 'మీకు ఆధ్యాత్మికత కొంచెం తక్కువ సార్' అన్నారు ట్రెజరర్ గారు. అభ్యంతరాలేమన్నా ఉంటే వాట్సాప్ గ్రూపులో రాయమన్నారు. ఇంటికొచ్చి రాద్దామని తెరిస్తే, అడ్మిన్లు తప్ప ఇంకెవరూ మెసేజ్ పెట్టకుండా సెట్టింగ్ మార్చేశారు.