స్టెల్లా అంటే నల్ల చారలే కాదు

అమెరికన్ చిత్రకారుడు ఫ్రాంక్ స్టెల్లా గురించి మీ వ్యాసం బాగుంది. కానీ 1959 నాటి నల్ల చారల చిత్రాల దగ్గరే సగం అయిపోయింది. నాకైతే అసలు మలుపు 1960 నాటి అల్యూమినియం రంగు చిత్రాల సిరీసే. చారలు పక్కకు తిరిగే చోట అంచుల్లో, మూలల్లో ఖాళీ మిగులుతుంటే, ఆ ముక్కను కాన్వాస్ నుంచే తీసేశారాయన! చట్రానికి తగ్గట్టు బొమ్మ గీయడం పోయి, బొమ్మకు తగ్గట్టు చట్రమే మారింది. ఆ వెంటనే వచ్చిన రాగిరంగు చిత్రాలు ఎల్, టీ అక్షరాల ఆకారాల్లోకి వెళ్లిపోయాయి. 1967లో మొదలైన ప్రొట్రాక్టర్ సిరీస్‌లో మన జామెట్రీ బాక్సులోని కోణమానిని గోడంత చేసి, కళ్లు చెదిరే రంగులు నింపారు. 1970లోనే న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆయన రెట్రోస్పెక్టివ్ (అప్పటిదాకా చేసిన పనినంతా చూపే ప్రదర్శన) పెట్టింది. అంత పేరొచ్చాక కూడా అదే పద్ధతి పట్టుకుని కూర్చోలేదు, గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చే లోహపు రిలీఫ్‌ల వైపు వెళ్లారు. దయచేసి ఆ దశ గురించి ఇంకో వ్యాసం రాయండి.