డాగ్‌వుడ్‌కి ఇంక్రిమెంట్ ఎప్పుడు?

ఈ ఉదయం కూడా డాగ్‌వుడ్ పోస్ట్‌మ్యాన్‌ని గుద్దేశాడు. ఏ ఉదయమని అడక్కండి, ఏదైనా ఒకటే. అమెరికా పేపర్లలో 'బ్లాండీ' కామిక్ స్ట్రిప్ 1930 సెప్టెంబరులో మొదలైంది, ఇంకా సాగుతూనే ఉంది. బ్లాండీ మొగుడు డాగ్‌వుడ్ బమ్‌స్టెడ్‌కి ఆఫీసు టైమవుతుంది. తలుపు తోసుకుని ఉరుకుతాడు. గుమ్మంలో పోస్ట్‌మ్యాన్ బీజ్లీ వెల్లకిలా పడతాడు, ఉత్తరాలు గాల్లోకి లేస్తాయి. ఇక మనం నవ్వాలి.

దీని మీద ఇంతవరకూ విచారణ ఎందుకు వేయలేదో నాకు అంతుబట్టదు. అమెరికాలో డ్యూటీలో ఉన్న పోస్ట్‌మ్యాన్ మీద చెయ్యి చేసుకుంటే ఫెడరల్ కేసు. పోనీ బీజ్లీకైనా బుద్ధుండాలి కదా? ఆ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో ఆ ఇంటి కుక్క డైసీకి కూడా తెలుసు. అయిదు నిమిషాలు ఆగి రావచ్చు. ఓ అడుగు పక్కకి జరిగి నిలబడచ్చు. ఉత్తరాలు పక్కింటి హెర్బ్ చేతిలో పెట్టి పోవచ్చు. ఊహూఁ. కొరియర్లొచ్చాయి, ఈమెయిల్ వచ్చింది, ఉత్తరాలు రాసేవాళ్లే లేకుండా పోయారు. బీజ్లీ మాత్రం చేతినిండా కవర్లతో సరిగ్గా అక్కడే ప్రత్యక్షం. ట్రాన్స్‌ఫర్‌కి అర్జీ కూడా పెట్టుకోడు మహానుభావుడు!

డాగ్‌వుడ్ మొదట్లో రైల్వే కోటీశ్వరుడి కొడుకు. మాంద్యం రోజుల్లో డబ్బున్నవాళ్ల సరదాలు జనానికి రుచించలేదు. దాంతో స్ట్రిప్ గీసే చిక్ యంగ్ దారి మార్చాడు. బ్లాండీని చేసుకుంటానని డాగ్‌వుడ్ చేత 28 రోజులు నిరాహారదీక్ష చేయించాడు, 1933 ఫిబ్రవరిలో పెళ్లి చేశాడు. తండ్రి చేత చిల్లిగవ్వ ఇప్పించకుండా మామూలు ఉద్యోగిని చేసేశాడు. తెలివైన పనే, కాదనను. ఆనాటి నుంచీ డిథర్స్ దొర కింద కొలువు, దొర చేత తన్నులు. 1934లో పుట్టిన కొడుకు ఇంకా హైస్కూల్లోనే ఉన్నాడు. 1991లో కేటరింగ్ పెట్టుకున్న బ్లాండీ ఒక్కతే ఆ ఇంట్లో కాలెండరు చూసిన మనిషి.

చిక్ యంగ్ 1973లో పోయాడు. స్ట్రిప్ కొడుకు డీన్ యంగ్ చేతికొచ్చింది. ప్రేమ కోసం ఆస్తి వదులుకున్నవాడి కథ చివరికి పిత్రార్జితమైంది! వారసుల సినిమాలు చూసి చూసి అలవాటైన మనకి ఇందులో వింతేముంది లెండి.

కానీ ఆపిన వాళ్లూ ఉన్నారు. 'కాల్విన్ అండ్ హాబ్స్' గీసిన బిల్ వాటర్సన్ పదేళ్లు గీసి, పేరు మోగిపోతుండగానే 1995 డిసెంబరు 31న కలం దించేశాడు. 'పీనట్స్' స్ట్రిప్ గీసిన షుల్జ్ దాదాపు 50 ఏళ్లు తనే గీశాడు. 2000లో ఆయన పోయాక పేపర్లలో పాతవే మళ్లీ వేస్తున్నారు తప్ప, కొత్తది గీయడానికి ఇంకొకరిని పెట్టలేదు.

పేపర్లో బొమ్మలకి మిగిలింది జానెడు జాగా. కొత్తగా గీసే అమ్మాయో అబ్బాయో కట్ట పట్టుకుని వస్తే 'ఖాళీ లేదు' అంటారు. ఎందుకు లేదయ్యా? తొంభై ఏళ్ల కిందటి జోకుకి రోజూ చోటు దొరుకుతోందిగా! నిన్నటి వార్త ఇవాళ వేస్తే సిగ్గుపడతారే, దీనికి సిగ్గెందుకు లేదు? తీసేస్తే పాత చందాదారులు ఫోన్ చేసి తిడతారట. తిట్టనివ్వండి. రెండు వారాలు తిడతారు. మూడో వారం కొత్త బొమ్మ చూసి, 'ఇదేం జోకు, నా మొహం' అని మళ్లీ తిడతారు. అదైనా కొత్త తిట్టవుతుంది.